మచ్చ కలిసింది, కళ్లు మసకబారాయి: రేంజ్‌ఫైండర్ ఫోకస్‌ను ఇంట్లో సరిచేసుకోవడం

రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో మా పిన్ని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, చేతిలోని రొట్టెను పక్కావిడకు ఇస్తుంటే ఫోటో తీశాను. కెమెరా జోర్కీ-4 అనే పాత సోవియట్ రేంజ్‌ఫైండర్, లెన్సు జూపిటర్-8, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/2, మనిషి ఒకటిన్నర మీటరు దూరంలో ఉంది. వ్యూఫైండర్ మధ్యలో ఉండే చిన్న మచ్చలో ఆమె కన్ను ముందు రెండుగా కనబడింది, రింగు తిప్పితే రెండూ ఒకటయ్యాయి, అప్పుడే నొక్కాను. నెగటివ్ వచ్చాక చూస్తే కళ్లు మసక, చెవి కమ్మలో రాళ్లు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. ఆ రోల్‌లో దగ్గర నుంచి తీసినవన్నీ అలాగే ఉన్నాయి. అదే రోల్‌లో ఎఫ్/8 పెట్టి పెన్నా అవతలి గట్టు మీద నుంచి తీసిన రంగనాయకస్వామి గాలిగోపురం మాత్రం చక్కగా వచ్చింది.

ఆ ఫోటో పోయినందుకు నాకు చాలా బాధ వేసింది. పిన్ని మొక్కు తీరిన ఏడాది రొట్టె అది, మళ్లీ తీద్దామంటే దొరికే సందర్భం కాదు. అందుకే ఈ సంగతి పూర్తిగా అర్థం చేసుకోవాలని కూర్చున్నాను. నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ పాత కెమెరాలు వాడే చాలామంది నేను మొదట చేసిన పొరపాటే చేస్తున్నారు: ఫోకస్ తప్పగానే స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ మచ్చను సర్దుతున్నారు. మచ్చ తప్పు చెబుతోందా, లెన్సే తప్పు చోట కూర్చుందా అనేది తేల్చకుండా ఏ స్క్రూ ముట్టుకున్నా ఒక తప్పు రెండు తప్పులవుతుంది.

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో మనం లెన్సులో నుంచే చూస్తాం, లెన్సు ఏం చూస్తుందో మనకూ అదే కనబడుతుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. మనం చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. కెమెరా ముందువైపు రెండు కిటికీలు ఉంటాయి, జోర్కీ-4లో వాటి మధ్య దూరం సుమారు 38 మి.మీ. రెండో కిటికీ నుంచి వచ్చే బొమ్మ మధ్యలో మచ్చలాగా పడుతుంది. మన రెండు కళ్లూ వేరువేరు చోట్ల నుంచి చూసి దూరం పసిగట్టినట్టే, ఈ రెండు కిటికీలు ఒక వస్తువును చూసే కోణంలో ఉండే తేడాయే దూరానికి కొలత. మీటరు దూరంలో ఉన్న మనిషికి ఆ కోణం రెండు డిగ్రీల పైచిలుకు, పది మీటర్లకు డిగ్రీలో ఐదో వంతు, గోపురం అంత దూరానికి దాదాపు సున్నా. లెన్సు రింగు తిప్పినప్పుడు లెన్సు వెనకభాగం కెమెరా లోపల ఉన్న ఒక మీటను నెడుతుంది, ఆ మీట ఈ కోణాన్ని మారుస్తుంది, రెండు బొమ్మలూ కలుస్తాయి.

అంటే మచ్చ లెన్సులో నుంచి ఎప్పుడూ చూడదు. లెన్సు గొట్టం ఎంత ముందుకు వెళ్లిందో మీట ద్వారా తెలుసుకుంటుంది, అంతే. ఆ గొట్టంలో గాజు సరైన చోట కూర్చుందో లేదో, బొమ్మ ఫిల్మ్ మీద పడుతుందో, ఫిల్మ్ వెనక పడుతుందో దానికి తెలిసే దారి లేదు.

50 మి.మీ. లెన్సు ఇన్ఫినిటీ (అంతులేని దూరం) నుంచి మీటరు దూరానికి రావాలంటే 2.6 మి.మీ. ముందుకు కదలాలి. ఆ కాస్త కదలికలోనే మీటరు నుంచి గోపురం దాకా ప్రపంచమంతా ఇమిడి ఉంది. ఎఫ్/2లో బొమ్మ ఫిల్మ్‌కు అటూ ఇటూ 0.06 మి.మీ. జరిగితే మామూలుగా కళ్లు పట్టుకోవు, అది దాటితే మసక తెలుస్తుంది. ఫిల్మ్ మందం 0.13 మి.మీ. పైన ఉంటుంది కాబట్టి మనకున్న వెసులుబాటు ఫిల్మ్ మందంలో సగం కూడా లేదన్నమాట. ఎఫ్/8లో అయితే అదే వెసులుబాటు 0.24 మి.మీ., నాలుగింతలు. గాలిగోపురం ఫోటో బాగా రావడానికి కారణం ఇదే, అక్కడ కెమెరా సరిగ్గా ఉందని కాదు, తప్పును ఎఫ్/8 కప్పేసింది.

పిన్ని ఫోటోలో ఫోకస్ కంటి మీద కాక సుమారు 10 సెం.మీ. వెనక, చెవి దగ్గర పడింది. ఒకటిన్నర మీటరు దూరంలో 10 సెం.మీ. తేడా అంటే లెన్సు దగ్గర 0.12 మి.మీ. తేడా. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

మొదట నేను కూడా మచ్చనే సర్దాను. టేపుతో ఒకటిన్నర మీటరు కొలిచి, ఆ దూరంలో లెన్సు నిజంగా ఫోకస్ అయ్యే చోట రింగును ఆపి, మచ్చ కలిసేలా స్క్రూ తిప్పాను. రెండు రోల్స్ బాగా వచ్చాయి, సమస్య తీరిందనుకున్నాను. తర్వాత ఒంగోలు స్నేహితుడు ఇండస్టార్-61 లెన్సు ఇచ్చాడు, ఎఫ్/2.8 లెన్సు. దానితో తీస్తే ఇప్పుడు కళ్లకు ముందు ముక్కు కొసన ఫోకస్. కొత్త లెన్సు పాడైందేమో అనుకున్నాను గానీ, దాన్ని అతని కెమెరాకు పెడితే చక్కగా పనిచేస్తోంది.

జరిగింది ఏమిటంటే, నా జూపిటర్-8కు ఫంగస్ పట్టిందని అంతకుముందు ఒక షాపులో శుభ్రం చేయించాను. ఆ లెన్సులో గాజుల గొట్టానికీ, తిరిగే మౌంట్‌కూ (లెన్సును కెమెరాకు బిగించే భాగం) మధ్య పల్చటి లోహపు వలయం ఉంటుంది, షిమ్ అంటారు. ఫ్యాక్టరీలో ఒక్కో లెన్సుకూ విడిగా సరిపోల్చి వేసేది అది. విప్పి తుడిచినవాళ్లు ఆ షిమ్‌ను తిరిగి పెట్టలేదు. గాజు 0.12 మి.మీ. ఫిల్మ్ వైపుకు జారింది. మౌంట్ మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది, మీటను నెట్టేది మౌంటే కాబట్టి మచ్చ అంతకుముందులాగే కలుస్తోంది. నేను సరిగ్గా ఉన్న కెమెరా బాడీని తప్పుగా ఉన్న లెన్సుకు తగ్గట్టు మార్చాను, అందుకే సరిగ్గా ఉన్న రెండో లెన్సు తప్పు చూపింది.

లెన్సు మార్చలేని కెమెరాల సంగతి కొంచెం వేరు. యాషికా ఎలక్ట్రో 35 లాంటి వాటిలో (1966లో వచ్చింది, 45 మి.మీ. ఎఫ్/1.7 లెన్సు) ఉన్న ఒక్క లెన్సుకే మచ్చను సర్దుకున్నా ఫోటోలు వస్తాయి, రింగు మీద అంకెలు మాత్రం అబద్ధమవుతాయి. కానీ వాటిలో మచ్చ స్క్రూలు అందాలంటే పైమూత తీయాలి, లోపల సన్నటి వైర్లు ఉంటాయి, టంకం ఊడితే వెలుతురు కొలిచే మీటర్ పోతుంది. మొదటిసారి చేసేవాళ్లు దానితో మొదలుపెట్టకపోవడమే మంచిది.

ముందు లెన్సును అడగాలి

పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న విషయం. జోర్కీ-4లో రివైండ్ నాబ్ చుట్టూ ఒక మీట ఉంటుంది, అది కంటి పవర్‌కు తగ్గట్టు వ్యూఫైండర్‌ను సర్దేది. అది జరిగిపోయి మచ్చ మసకగా కనబడితే రేంజ్‌ఫైండర్ పాడైందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దూరంగా ఉన్న దేనినో చూస్తూ ఆ మీటను తిప్పి, బొమ్మ స్పష్టంగా కనబడేలా చేసుకున్నాకే తక్కినవి.

లెన్సు ఏం చేస్తుందో తెలియాలంటే ఫిల్మ్ ఉండే చోట ఒక గరుకు గాజు పెట్టి దాని మీద పడే బొమ్మను కళ్లతో చూడాలి. ట్రేసింగ్ పేపర్ పెట్టమని కొందరు చెబుతారు, అది వంగుతుంది. 0.06 మి.మీ. కోసం వెతుకుతున్నప్పుడు వంగే కాగితం పనికిరాదు. నేను ట్రంకు రోడ్డులో ఫోటో ఫ్రేములు కట్టే షాపులో 2 మి.మీ. గాజును 33 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. పొడవు ముక్కగా కోయించాను. ఆటోమొబైల్ షాపుల్లో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టును ఇంకో గాజు పలక మీద కాస్త వేసి, నీళ్లు చల్లి, ఈ ముక్కను దాని మీద పావుగంట గుండ్రంగా రుద్దితే ఒకవైపు సన్నటి గరుకు వస్తుంది. అంచులను ముందే సానరాయితో మొద్దు చేసుకోండి, వేళ్లు తెగుతాయి, కెమెరా పట్టాలు కూడా గీసుకుపోతాయి.

జోర్కీ-4 వెనక మూత అడుగుతో సహా మొత్తం ఊడి వస్తుంది కాబట్టి ఈ పనికి చాలా అనువు. ఫిల్మ్ జారే లోపలి రెండు పట్టాల మీద గాజును గరుకువైపు లెన్సుకు ఎదురుగా ఉండేలా ఆనించి, రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచండి. షట్టర్ స్పీడును వైండ్ చేశాక మాత్రమే మార్చాలి, జోర్కీలకు అది గట్టి నియమం, ముందు మార్చితే లోపల దెబ్బతినవచ్చు. వైండ్ చేసి బి (బటన్ నొక్కి ఉంచినంతసేపు షట్టర్ తెరిచే ఉంటుంది) మీద పెట్టి, ట్రైపాడ్ మీద నిలిపి, కేబుల్ రిలీజ్ (బటన్‌కు తగిలించి నొక్కే తీగ) ఉంటే లాక్ చేయండి, లేకపోతే ఇంట్లో ఎవరినైనా బటన్ నొక్కి పట్టుకోమనండి. అపర్చర్ పూర్తిగా తెరవాలి. ఇంకో మాట, నెల్లూరు ఎండ గురించి చెప్పక్కర్లేదు, లెన్సు సూర్యుడి వైపు తిరిగితే భూతద్దంలాగే పనిచేసి గుడ్డ షట్టర్‌కు చిల్లు పెడుతుంది. ఉదయం పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు చూస్తూ చేసుకోండి.

ఇన్ఫినిటీ అంటే ఎంత దూరం అనే దగ్గర చాలామంది తప్పుతారు. వీధి చివరి ఇల్లు ఇన్ఫినిటీ కాదు. 50 మీటర్ల దూరంలో ఉన్నదానికి లెన్సు దగ్గర తేడా 0.05 మి.మీ., అంటే మన వెసులుబాటు దాదాపు మొత్తం అక్కడే ఖర్చైపోతుంది. కిలోమీటరు దూరమైతే 0.0025 మి.మీ., అది లెక్కలోకి రాదు. మా మిద్దె మీద నుంచి కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవర్ నాకు సరిపోయింది. పల్లెల్లో అయితే దూరంగా ఒంటరిగా నిలబడ్డ తాటిచెట్టును మించినది లేదు, నిలువు గీత చక్కగా దొరుకుతుంది.

ఇప్పుడు వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దంతో ఆ గరుకు గాజును చూడండి. రింగును ఇన్ఫినిటీ అడ్డు దాకా తిప్పినప్పుడు టవర్ కమ్మీలు పదునుగా ఉంటే లెన్సు బాగుంది, ఇక దాన్ని ముట్టుకోకండి. నా లెన్సుకు మాత్రం టవర్ పదునుగా కనబడింది ఇన్ఫినిటీ దగ్గర కాదు, రింగును కొంచెం వెనక్కు తిప్పాక. లెక్క వేస్తే 0.12 మి.మీ. తక్కువగా కూర్చున్న లెన్సు 20 మీటర్ల దగ్గర పెట్టినప్పుడు ఇన్ఫినిటీని చూపాలి. నాకు కనబడింది సరిగ్గా అదే. పిన్ని చెవి కమ్మలు, సెల్ టవర్ ఒకే అంకె చెప్పాయి, అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

ఒకవేళ దీనికి ఎదురు జరిగితే, అంటే రింగు అడ్డు దాకా తిప్పినా టవర్ పదునెక్కకపోతే, లెన్సు ఫిల్మ్‌కు ఎక్కువ దూరంలో ఉంది, షిమ్ మందం ఎక్కువైంది. మీ దగ్గర రెండు లెన్సులు ఉండి రెండూ ఒకే వైపు, ఒకే మోతాదులో తప్పుతుంటే అప్పుడు లెన్సులను వదిలేసి బాడీని అనుమానించాలి. ఈ స్క్రూ మౌంట్ కెమెరాల్లో మౌంట్ ముఖం నుంచి ఫిల్మ్ దాకా 28.8 మి.మీ. ఉండాలి, ఎవరో బాడీని విప్పి బిగించినప్పుడు ఆ కొలత చెదిరి ఉండొచ్చు.

గరుకు గాజు కన్నా నాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది, దానికి ఒక డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కావాలి. పాత నెగటివ్ ముక్క మీద సూదితో ఇంటూ గుర్తు గీసి రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఫిల్మ్ పట్టాల మీద బిగువుగా అతికించి, వెనక నుంచి తెల్లటి వెలుతురు పెట్టాలి. లెన్సు ఇన్ఫినిటీలో ఉంటే ఆ గుర్తు నుంచి వచ్చే కాంతి లెన్సులో నుంచి సమాంతర కిరణాలుగా బయటికి వస్తుంది, అంటే కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినట్టు. ఎస్‌ఎల్‌ఆర్‌కు 135 మి.మీ. లాంటి పొడవు లెన్సు పెట్టి, నిజమైన దూరపు వస్తువు మీద ఫోకస్ చేసి, ఆ రింగు కదలకుండా టేపు అంటించి, రెండు లెన్సులనూ ముఖాముఖి పెట్టి చూడాలి. ఇంటూ గుర్తు పదునుగా కనబడితే లెన్సు సరైనచోట ఉంది. ఇందులోని గొప్పదనం ఏమిటంటే, 50 దగ్గర జరిగే తేడా 135 దగ్గర ఏడింతలకు పైగా పెద్దదై కనబడుతుంది, కాబట్టి 0.05 మి.మీ. కూడా దాక్కోలేదు. మిద్దె ఎక్కాల్సిన పని లేదు, ఎండ గోల లేదు, రాత్రి భోజనం అయ్యాక బల్ల మీద చేసుకోవచ్చు.

షిమ్ వేయడం దగ్గర నేను తొందరపడలేదు. జూపిటర్-8లో గాజుల గొట్టం మౌంట్ నుంచి మరలాగా ఊడి వస్తుంది. అందులో మందం పెంచితే గాజు ఫిల్మ్‌కు దూరం జరుగుతుంది, తగ్గిస్తే దగ్గరవుతుంది. మొదట పరీక్ష కోసం మామూలు పారదర్శక టేపును వలయంగా కత్తిరించి వేశాను, నేను కొలిచిన టేపు ఒక పొర 0.05 మి.మీ. ఉంది. రెండు పొరలు వేస్తే ఇంటూ గుర్తు దాదాపు పదునెక్కింది, పైన వంటింటి అల్యూమినియం రేకు ఒక పొర వేస్తే పూర్తిగా కుదిరింది. టేపు ఎండాకాలం వేడికి మెత్తబడి జారుతుంది కాబట్టి అదే ఉంచేయకూడదు. అంత మందం ఇత్తడి రేకు తెచ్చి, మైక్రోమీటర్‌తో కొలిచి, వలయం కత్తిరించి వేశాను. మీటరు దగ్గర ఒక సెంటీమీటరు తప్పుకు సుమారు 0.03 మి.మీ. షిమ్ అని గుర్తుంచుకుంటే అంచనా వేయడం సులువు.

ఆ తర్వాతే మచ్చ

లెన్సు నిజం చెబుతోందని తేలాక మచ్చ పని సులభం. రింగును ఇన్ఫినిటీ అడ్డు దాకా తిప్పి అదే టవర్‌ను చూడండి, రెండు బొమ్మలూ అన్ని వైపులా ఒకటిగా కలవాలి.

మొదట పైకీ కిందికీ ఉండే తేడా తీసేయాలి. కెమెరా కిందపడితే ఎక్కువగా వచ్చేది ఇదే. దీన్ని చూడటానికి మైపాడు బీచ్‌కు మించిన చోటు నాకు దొరకలేదు, సముద్రం ఆకాశాన్ని కలిసే గీత మచ్చలో విరిగినట్టు కనబడితే నిలువు తేడా ఉన్నట్టే. కానీ అడ్డంగా కలిసిందో లేదో ఆ గీతతో తెలియదు, దానికి నిలువు గీతలే కావాలి. బీచ్ దూరమైతే పౌర్ణమి చంద్రుడు చాలు, రెండు దిక్కులూ ఒకేసారి తెలుస్తాయి. జోర్కీ-4లో చిన్న కిటికీ చుట్టూ ఉన్న రింగును విప్పితే లోపల వాలుగా సానపట్టిన గుండ్రటి గాజు ఉంటుంది, దాన్ని తిప్పితే మచ్చ పైకీ కిందికీ జరుగుతుంది. దానితో పాటు పక్కకు కూడా కాస్త జరుగుతుంది కాబట్టి నిలువు పని ముందు చేయాలి, అడ్డం తర్వాత.

అడ్డం సర్దడానికి ముందువైపు కిటికీల దగ్గర ఉన్న చిన్న స్క్రూను తీసేయాలి. అది మూత మాత్రమే, అసలు స్క్రూ దాని లోపల ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పి చూస్తూ వెళ్లండి. నేను జూపిటర్ కోసం తిప్పినదంతా ఇక్కడ వెనక్కు తిప్పుకున్నాను. అది అయ్యాక ఇండస్టార్ కూడా దానంతటదే కుదిరింది.

తర్వాత దగ్గరి దూరం. స్టీలు టేపుతో మీటరు కొలవండి, లెన్సు అంచు నుంచి కాదు, ఫిల్మ్ ఉండే చోటు నుంచి. ఈ ఒక్క పొరపాటు వల్ల కొన్ని సెంటీమీటర్లు తప్పి, బాగున్న కెమెరాను పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు. గోడకు అతికించిన కాగితం మీద నిలువు గీత గీసి, మచ్చలో కలిపి, కెమెరా కదపకుండా గరుకు గాజు మీద చూడండి. అక్కడా పదునుగా ఉంటే పని అయిపోయింది. ఇన్ఫినిటీ కుదిరి దగ్గర కుదరకపోతే మౌంట్ లోపల మీట చివర ఉన్న ముక్కులాంటి భాగాన్ని కొద్దిగా తిప్పాలి, జోర్కీల్లోనూ, వాటిలాంటి ఫెడ్ కెమెరాల్లోనూ అది చక్రం కాదు, ఏటవాలు ముక్కు. లైకా ఎం కెమెరాల్లో దాని చోట చిన్న చక్రం ఉంటుంది, ఆ చక్రం ఇరుసును తిప్పితే ఇన్ఫినిటీ మారుతుంది, చేయి పొడవును మార్చితే దగ్గరి దూరం మారుతుంది. జోర్కీ ముక్కును తిప్పితే ఇన్ఫినిటీ కూడా చెదురుతుంది, మళ్లీ వెళ్లి దాన్ని సరిచేయాలి, మళ్లీ దగ్గర చూడాలి, మూడు నాలుగు సార్లు అటూ ఇటూ తిరగక తప్పదు. మీటరు దగ్గర తప్పు రెండు సెంటీమీటర్ల లోపే ఉంటే నేనైతే ఆ ముక్కును ముట్టుకోను, ఎఫ్/2లో కూడా ఫోకస్ లోతు అటూ ఇటూ రెండు సెంటీమీటర్ల పైనే ఉంటుంది.

మచ్చ మరీ వెలిసిపోయి కనబడుతుంటే లోపలి సగం అద్దం పూత పోతున్నట్టు. దూదితో రుద్దకండి, పాత పూత దూదికే అంటుకుని వచ్చేస్తుంది, ఇక ఆ కెమెరాకు మచ్చ ఉండదు. పెద్ద కిటికీ మధ్యలో, మచ్చ పడే చోటికి సరిగ్గా, చిన్న నల్ల టేపు ముక్క అంటిస్తే మచ్చ వెంటనే తేటగా కనబడుతుంది.

చివరికి ఫిల్మ్ మీద చూసుకోవాల్సిందే. పన్నెండు అగ్గిపెట్టెలను ఒక్కోదాన్ని రెండు సెంటీమీటర్లు వెనక్కు జరుపుతూ ఏటవాలుగా పేర్చి, మధ్యలో ఒకదానికి గుర్తు పెట్టి, మీటరు, ఒకటిన్నర, మూడు మీటర్ల దూరాల్లో తీశాను. ప్రతిదీ ఎఫ్/2లో ఒకటి, ఎఫ్/4లో ఒకటి. ఎఫ్/4 ఎందుకంటే, జూపిటర్-8 జైస్ సోనార్ డిజైన్ నుంచి వచ్చిన లెన్సు, ఈ రకం లెన్సుల్లో అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ కాస్త వెనక్కు జరుగుతుంది. అది సర్దుబాటులో తప్పు కాదు, లెన్సు స్వభావం. మనుషులను ఎక్కువగా ఎఫ్/2లో తీసేవాళ్లు ఎఫ్/2కే సరిచేసుకోవాలి, నేను అలాగే చేశాను.

గుర్తు పెట్టిన అగ్గిపెట్టె మూడు దూరాల్లోనూ పదునుగా వచ్చింది. రోల్‌లో మిగిలిన ఫ్రేముల్లో ఒకటి పిన్నిది, ఇంటి గడప దగ్గర, అదే ఒకటిన్నర మీటరు, అదే ఎఫ్/2. కంటి రెప్పల వెంట్రుకలు కనబడుతున్నాయి, కమ్మలు మెత్తగా వెనక్కు వెళ్లాయి. సర్దిన స్క్రూల మీద ఆమె గోళ్లరంగే ఒక్కో చుక్క పెట్టి ఆరనిచ్చి, పైన మూత స్క్రూ బిగించాను.